గాలి రోజున తడిసిన రాగి మొక్కల కుండీలు

బంగారు గని మూతపడ్డాక కూడా, గని కార్మికులుండే మా లైనిళ్లలో గాలి లేస్తే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. ఇళ్ల వెనకే సైనైడ్ దిబ్బ. సైనైడుతో బంగారం తీసేశాక పారబోసిన పిండి మట్టి అది. ఎండాకాలం గాలికి లేచి అన్నంలోనూ ఆరేసిన బట్టల్లోనూ పడేది. వాకిలంతా నీళ్లు చల్లి ఆ దుమ్ము అణచడం మా అమ్మకు పుట్టుకతో వచ్చిన అలవాటులాంటిది.

ఆ దిబ్బ అంచున ఎవరూ విత్తకుండానే మొలిచిన రాగి మీద నేను పరిశోధన మొదలుపెట్టాను. చచ్చిన ఊళ్లో ఏముంది, బెంగళూరులో వేరే పని చూసుకోమన్న వాళ్లందరికీ నా జవాబు ఆ మొక్కలే.

మొక్క జన్యువుల మధ్య కుదురుగా ఉండని ముక్కలు కొన్ని ఉంటాయి. ఒకచోట నుంచి లేచి ఇంకోచోట దూరతాయి. ఎక్కడ పడితే అక్కడ దూరితే చేటు కాబట్టి మొక్క వాటి మీద రసాయన ముద్రలు వేసి నోరు నొక్కి ఉంచుతుంది. నీళ్లు కరువైనా, మట్టిలో విషం ఉన్నా ఆ పట్టు సడలి కొన్ని మేలుకుంటాయి. మేలుకున్న ముక్క పక్కనున్న జన్యువును కూడా పనికి లేపగలదు. చాలాసార్లు అందువల్ల నష్టమే, ఎప్పుడో ఒకసారి మేలు. నోరు మూయించేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. అందుకే వాటి మీద మనసు పడింది.

ఆ దిబ్బ మట్టి కాలేజీ ఆవరణలోకి తేవద్దన్నారు నా పరిశోధన గైడు. సరే, మా వాకిట్లోనే కుండీల్లో రాగి పెంచి, ఆ ముక్కలు మేలుకుంటాయేమో చూద్దామని నీళ్లు పోయడం మానేశాను. ఆకులు చుట్టుకుపోయాయి. కొన్ని కోసి ల్యాబుకు చేర్చాను. మర్నాడు ఇంకొన్ని కోద్దామని, ఆకులు చెడకుండా ఉంచే ఐసు కోసం రాబర్ట్‌సన్‌పేట వెళ్లి వచ్చేసరికి కుండీలన్నీ నీళ్లు కారుతున్నాయి.

"ఎందుకు పోసినావమ్మా?" అని అరిచాను.

"గాలి లేసింది గదా. ఆకులన్నీ ముడుచుకోని, పైన దుమ్ము పడి ఉండాది. చూస్తా చూస్తా యాడ ఊరకుండేది?"

కోపంతో ఏడుపొచ్చింది. ఫోనులో గైడు విసుక్కున్నారు. "పాడైపోయిందిగా. పారేసి ఇంకో అంశం తీసుకో. ఈసారి కమిటీ ముందు ఫలితం చూపించకపోతే నీ సీటు ఉండదు."

"పారెయ్యను సార్. ఎండినప్పటి ఆకులు ల్యాబులో ఉన్నాయి. నీళ్లు పడ్డాక మేలుకున్నవి మళ్లీ పడుకుంటాయో లేదో చూస్తాను."

"ఏమీ తేలకపోతే?"

"సీటు తీసుకోండి."

కొన్నాళ్లు ఆగి ఆకులు కోశాను. ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని ల్యాబుకని బంగారుపేటలో రైలెక్కితే, చేపలా అని అడిగారు పక్కనున్నవాళ్లు. కాదు, రాగి ఆకులన్నాను. నవ్వుకుంటే నవ్వుకున్నారు.

చాలా కుండీల్లో ఆ ముక్కలు నీళ్లు పడ్డాక అణిగిపోయాయి. రెండింట్లో మాత్రం అణగలేదు. కష్టం తీరినా అవి మేలుకునే ఉన్నాయి.

గైడు ముఖం వెలిగింది. "నీళ్లు పోయాలని ముందే అనుకున్నామని చెప్పు. మీ అమ్మ ఊసెత్తకు."

అబద్ధం ఆడనన్నాను. కమిటీలో అందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను: గాలి లేచింది, మా అమ్మ నీళ్లు పోసింది, మా ఊళ్లో అలాగే చేస్తారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, మిగతాది చెప్పాను. రెండు కుండీలతో తేల్చలేమనీ, సీటు ఉంచుతున్నామనీ, మళ్లీ చేసి చూపించమనీ కమిటీవాళ్లు అన్నారు. చేస్తానన్నాను.

మరుసటి ఎండాకాలం కొత్త కుండీలు పెట్టాను. ఆకులు చుట్టుకుపోయాక ఒక మధ్యాహ్నం దిబ్బ మీద గాలి లేచింది. అమ్మ బిందెతో వచ్చి, కుండీల ముందు ఆగి, నా వైపు చూసింది.

"ఈ తూరి పొయ్యొచ్చునా?"

"పొయ్యమ్మా. నువ్వు పోస్తావనే ఎండబెట్టినాను."