శాంపిలు పాఠాలు

సముద్రం సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. ఒట్టు వేసేటప్పుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకోవాలంటారు కదా, పెట్టుకునే రాస్తున్నాను. నాది బట్టతల. అబద్ధం దాక్కోవడానికి అక్కడ ఒక్క వెంట్రుక కూడా లేదు.

ఇరవై రెండేళ్ళు విశాఖపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. ఇటుకల బట్టీ పెట్టినవాడూ, లారీ కొన్నవాడూ, ఆఖరికి కూలీలకి ఇడ్లీలు అమ్మినవాడూ మేడలు కట్టారు. వాళ్ళలో సగం మంది నా దగ్గర లెక్కల్లో తప్పినవాళ్ళే. లెక్కలు వచ్చిన నేను మాత్రం అదే నల్లబల్ల ముందు నిలబడి ఉన్నాను. ఆ ఉక్రోషంలో రాజీనామా ఇచ్చి, మల్కాపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, సుద్దముక్కల తయారీ మొదలుపెట్టాను. నాకు తెలిసిన సరుకు అదొక్కటే.

మా ఆవిడ షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఇరవై రెండేళ్ళు ఆ పొడి మింగినారు, సాల్లేదేటండీ? ఇప్పుడు ఇంట్లోనే తయారు సేత్తన్నారా?" అంది.

తెల్ల సుద్ద చెయ్యడానికి మల్కాపురమంత పనికిమాలిన చోటు భూమ్మీద లేదు. పోర్టులో ఇనుప ఖనిజం దగ్గర లేచిన ఎర్రధూళి తిన్నగా మా వీధికే వచ్చేది. మా దగ్గర పుట్టిన తెల్లకుక్క వారం తిరక్కుండా ఎర్రకుక్క అయిపోతే, కన్నతల్లే గుర్తుపట్టక దాని మీద మొరిగింది. ఆరబెట్టిన సుద్ద సాయంత్రానికి గులాబిరంగు తిరిగేది. చివరికి రెండు దోమతెరలు కప్పి, పసిబిడ్డల్ని కాచినట్టు కాచి, మల్లెపువ్వులాంటి సుద్ద తీశాను. ఇక కావలసింది ఒక్కటే. వేసవి సెలవులకు ముందే ఒక పెద్ద బడి ఏడాది సుద్దంతా నా దగ్గర కొంటానని ఒప్పుకోవాలి. లేకపోతే షెడ్డు మూతే.

శాంపిలు డబ్బా పట్టుకుని మొట్టమొదట నా పాత బడికే వెళ్ళాను. హెడ్మాస్టరు నాకంటే పదేళ్ళ తరవాత చేరినవాడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"రండి మేస్టారూ. సుద్ద ఎలాగున్నాదో మాటల్లో ఏటి తెలుస్తాది? టెన్త్ బీలో బోర్డు ఖాళీగా ఉంది, రాసి సూపించండి."

వెళ్ళాను. ఒక గీత గీసి వచ్చేస్తే సరిపోయేది. కాని ఎదురుగా నలభై మంది పిల్లలు, చేతిలో కొత్త సుద్ద. వృత్తం గీశాను. నేను చేత్తో గీసే వృత్తం సామాన్యమైనది కాదు. ఒకసారి ఈగ వాలి, బయటికి దారి దొరక్క పీరియడంతా అందులోనే తిరిగింది. వృత్తం గీశాక సిద్ధాంతం చెప్పకుండా ఎలా ఉంటాను? చెబుతుండగానే గంట కొట్టారు.

"సుద్ద బాగున్నాది మేస్టారూ. ఇంకోపాలి సూద్దాం," అన్నాడు హెడ్మాస్టరు.

అలా నాలుగు నెలలు హెడ్మాస్టరు కబురు పంపినప్పుడల్లా వెళ్ళాను. ఒకసారి టెన్త్ ఏ, ఒకసారి నైన్త్. ఇన్నిసార్లు పరీక్షిస్తున్నారంటే పెద్ద ఆర్డరే ఇస్తారని మా ఆవిడతో గొప్పలు చెప్పుకున్నాను.

ఏప్రిల్లో ఒకరోజు గేటు దగ్గర నా పాత స్నేహితుడు, డ్రిల్లు మాస్టారు, నన్ను చూసి నవ్వాడు.

"ఏటి బావా, మళ్ళీ వొచ్చినావా? ఇయ్యాల లెక్కలాయన లీవెట్టేడు."

"అయితే నాకేటి?"

"ఎర్రిబావా! ఆయన లీవెట్టిన రోజే గదా నీకు కబురొచ్చేది. నీకింకా తెల్దేటి?"

తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి అడిగేశాను. అతను కళ్ళు దించుకున్నాడు.

"సుద్ద మేనేజిమెంటోళ్ళు కొంటారు మేస్టారూ. నా సేతుల్లో ఏటీ నేదు."

"మరి ఈ నాలుగు నెలలూ?"

"మీ పాఠమంటే పిల్లలకి ఇష్టం గదా..."

డబ్బా అతని బల్ల మీద బోర్లించాను. సుద్దముక్కలన్నీ నేల మీదికి దొర్లాయి. "నాను వ్యాపారిని. పాఠాలు ఊరికే సెప్పడానికి రానేదు!" అని అరిచి బయటికి నడిచాను. బడంతా కిటికీల్లో నిలబడి చూసింది. డ్రిల్లు మాస్టారు సెల్యూట్ కొట్టాడు.

కల్పించింది ఈ ఆఖరి ముక్కే. డబ్బా బోర్లించలేదు, అరవలేదు, ఎవరూ సెల్యూట్ కొట్టలేదు. "మీ పాఠమంటే పిల్లలకి ఇష్టం" అన్న మాట విని, సిగ్గులేకుండా సంతోషించి, తిన్నగా టెన్త్ బీకి వెళ్ళాను. గంట కొట్టినా లెక్క పూర్తయ్యేదాకా బయటికి రాలేదు. వేసవిలో షెడ్డు మూసేశాను. జూన్లో బడి తెరిచాక మళ్ళీ కబురొచ్చింది. శాంపిలు కూడా లేకుండా, ఉత్త చేతులతో వెళ్ళి పాఠం చెప్పి వచ్చాను.