గోడ మీది పేడముద్ద

ఫోన్‌లో రాసేది నా మనవరాలు, మాట నాది. నిన్న రంగులు వేయడానికి వచ్చినవాడు వంటింటి వెనక గోడ నున్నగా గీకేశాడు.

"పేడ అంటుకొనుండె అవ్వా, తీసి పారేసినా."

"ఒరే, దాంట్లో మా అమ్మ బీరగింజలు ఉండాయి కదరా."

పొద్దుగూకేదాకా చెత్తకుప్ప వెతికాను. ఒక్క గింజా దొరకలేదు.

చెల్లెళ్లూ, మునెమ్మా, రత్నమ్మా, గుర్తుందా? మంచి కాయను తీగకే ఎండనిచ్చి, గింజలకు పురుగు పట్టకుండా పేడలో కలిపి అమ్మ గోడకు కొట్టేది. వేసవంతా వంటింట్లో అదే వాసన. "ఒకింట్లో పోతే ఇంకొకింట్లో ఉంటాదే" అంటూ మీ గోడలకూ కొట్టింది. ఆమె పోయాక ఏటా నేనూ కొడుతున్నాను.

మీ పెరటి గోడలు చూడండి. ముద్ద ఎంత పాతదైనా ఎవరినీ గీకనివ్వకండి, నేనే వస్తాను. తొలకరి దగ్గర పడింది, నా చేతిలో గింజ లేదు.