లాల్ మిస్త్రీ ఇంటి నల్లా

జెబాకు అత్తరు వాసన తగిలితే కడుపులో దేవుతుంది. మొన్న రంజాన్ పండుగకు మేనమామ ఖలీల్ కొత్త లాల్చీ మీద అత్తరు దట్టంగా పూసుకుని వచ్చి, దీవిద్దామని మేనకోడలి నెత్తిన చెయ్యి పెట్టబోయాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్‌రూములోకి పరుగెత్తింది. తాగిన షీర్‌ఖుర్మా అంతా కక్కేసింది. పండుగపూట ఇదేం తమాషా అని తల్లి జాన్ బీ వచ్చినవాళ్ల ముందు చిన్నబోయింది. ఖలీల్ మాత్రం నవ్వుతూ, "ఇంజనీర్ సాబ్‌కు మన అత్తరు పసంద్ రాలే. మురికి మోరీల సెంటే కావాలంట" అన్నాడు.

అత్తరు మీద జెబాకు పగేమీ లేదు. మురుగు లైన్ల పనిలో చేరిన వారమే, మాస్కులో అత్తరు దూది పెట్టుకుంటే కంపు తెలియదని తండ్రి లాల్ ఉపాయం చెప్పాడు. కొన్నాళ్లు బాగానే పనిచేసింది. తర్వాత ముక్కు ఆ రెండు వాసనలనూ కలిపి ఒకటి చేసుకుంది. ఇప్పుడు ఎక్కడ అత్తరు గుప్పుమన్నా ఆమె కళ్ల ముందు మ్యాన్‌హోల్ మూత లేస్తుంది.

పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా అయ్యాక ఆమె సాయంత్రం క్లాసుల డిగ్రీలో చేరింది. పగలంతా ఏదో ఒక సైట్‌లో పని నేర్చుకోవాలి, పొద్దు వాలాక కాలేజీకి పోవాలి. పనిలో నేర్చుకున్నదానికీ మార్కులుంటాయి. క్లాసులో డేవిడ్ రాజుకు ఫ్లైఓవర్ పని దొరికింది. అనుపమకు రాంగోపాల్‌పేట్‌లో లేస్తున్న షాపింగ్ కాంప్లెక్స్ దొరికింది. జెబాకు మాత్రం మంచినీళ్ల లైన్లూ మురుగు లైన్లూ బాగుచేసే కాంట్రాక్టర్ దొరికాడు. మోండా మార్కెట్‌లో నిమ్మకాయలమ్మే ఆమె దగ్గర మచ్చపడ్డ కాయలు అడిగి తెచ్చుకుని, కాలేజీ బాత్‌రూములో మోచేతుల దాకా రుద్దుకుని క్లాసులోకి వెళ్లేది. అయినా ఆమె పక్కన బెంచీ ఖాళీగానే ఉండేది. అందరూ సైట్ ఫోటోలు చూపించుకుంటుంటే డేవిడ్ రాజు చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"జెబా, నీ ఫోన్ తియ్యకు తల్లీ. ఇప్పుడే సమోసా తిన్న."

నవ్వేది ఆమె కూడా. లోపల మాత్రం రోత. చదువు మీద కాదు, ఆ నీళ్ల మీద, ఆ బురద మీద, మూత తీసి చూసి మళ్లీ మూసేసి "అయిపోయింది" అని రాసుకునే మనుషుల మీద. ఆ రాసుకునేవాళ్లలో మొదటివాడు ఆమె పైన ఉన్న సూపర్‌వైజర్ నరసరాజు. ఆమె పని మార్కులు వేసేదీ ఆయనే.

ఇంటికొస్తే మాత్రం ఆ రోత కడిగినట్టు పోయేది. వాళ్లది చిలకలగూడలో ఇరుకు గల్లీ. తండ్రి ప్లంబరు. గల్లీ అంతా లాల్ మిస్త్రీ అంటారు, అక్కడి నల్లాలన్నీ ఆయన చేతిమీద వచ్చినవే. రోడ్డుకు ఒక పక్కన నీళ్ల మెయిన్ లైను, నడిమధ్య మురుగు లైను, లాల్ ఇల్లున్న ఎదురు వరస ఇళ్లకు పైపు దాటించాలంటే ఆ మురుగును దాటాలి. అంత తంటాలమారి గల్లీలో ఇంటింటికీ నీళ్లు తెచ్చినవాడని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చిన్నప్పుడు జెబా తండ్రి పక్కన కూర్చుని పాత ఎర్ర సైకిల్ ట్యూబుల్ని కత్తెరతో పొడుగు పేలికలుగా కోసి ఇచ్చేది. పైపు కారినచోట ఆ ఎర్ర పేలికను బిగించి చుట్టి, పైన రాగితీగతో జంట ముడి వేస్తాడు లాల్. ఆ ముడి ఆయన సంతకం లాంటిది.

ఈ ఎండాకాలం వాళ్ల వరసలోనే ఉన్న రోసమ్మ టీచర్ ఇంట్లో నీళ్లు కంపు కొట్టడం మొదలైంది. రోసమ్మది కోస్తా వైపు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. జెబాకు పదో తరగతి లెక్కలు ఊరికే చెప్పిన మనిషి. ఆమె మనవరాలు క్యారల్‌కు కామెర్లు వచ్చి మంచం పట్టింది. రోసమ్మ ఫిర్యాదు మీద ఫిర్యాదు చేస్తే, అది తిరిగి తిరిగి నరసరాజు దగ్గరికొచ్చింది. ఆయన జెబాను వెంటబెట్టుకుని వచ్చాడు.

నల్లా విప్పగానే వచ్చిన మొదటి చెంబు నీళ్లలో జెబా మందు చుక్కలు వేసింది. నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపుపచ్చగా మారాలి. అవి మారలేదు. సన్నటి నల్లటి తుంపులు మాత్రం అడుక్కు దిగాయి.

"ముందు కూడా వచ్చారమ్మా మీవాళ్లు" అంది రోసమ్మ. "చుక్కలేశారు, తలలూపారు, వెళ్లారు. నువ్వు కూడా తల ఊపే వెళ్తావా?"

"లేదు టీచర్. దొరికేదాకా చూస్త."

మిషన్ తెప్పించి గల్లీ మధ్య మ్యాన్‌హోల్‌ను తోడించారు. మురుగు దిగాక పనివాడు సోమయ్య టార్చి పట్టుకున్నాడు, జెబా ఊపిరి బిగబట్టి వంగి చూసింది. లోపల, పెంట ఆరిన గోడలకు అడ్డంగా, ఈ గోడలోంచి ఆ గోడలోకి మంచినీళ్ల పైపులు. ఒకటి కాదు, ఎదురు వరస ఇళ్లవన్నీ. రోడ్డు తవ్వే పని లేకుండా, మురుగు గుంతలోంచే నేరుగా దాటించేశారు. తుప్పు పట్టి పైపులకు చిల్లులు పడ్డాయి. నల్లా వచ్చినంతసేపూ నీళ్లు ఆ చిల్లుల్లోంచి బయటికి కారతాయి. నల్లా బంద్ కాగానే ఖాళీ అయిన పైపు చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలేదాకా అది పైపులోనే కూర్చుని ఉంటుంది. ఇళ్లలో బిందె పెట్టగానే ముందు వచ్చేది అదే.

ఆ చిల్లుల మీద ఎర్ర ట్యూబు పేలికలు చుట్టి ఉన్నాయి. మెత్తబడి, ఉబ్బి, అంచులు నానిపోయి. పైన రాగితీగ. జంట ముడులు.

జెబా లేచి నిలబడి మాస్కు దించుకుంది. 

"ఈ గల్లీ మిస్త్రీ మీ నాన్నేగా, ఆయన పనే కదా?" అన్నాడు నరసరాజు తొంగి చూసి. "మంచిదైంది. పిలువు. పాత ట్యూబులు తీసేసి కొత్తవి చుట్టేస్తాడు. ఫోటో కొట్టి కంప్లైంట్ మూసేద్దాం. రోడ్డు కోయడానికి పర్మిషన్ వచ్చేసరికి నీ డిగ్రీ అయిపోయి నీకు పెళ్లి కూడా అయిపోద్ది."

"మళ్ల చుడితే మళ్ల పీలుస్తది సార్."

"పీల్చనీ. అప్పటికి ఇంకో కంప్లైంట్."

మెయిన్ లైను ఎక్కడుందో చూద్దామని సోమయ్య అప్పటికే పక్కన చిన్న గుంత తవ్వుతున్నాడు. అతని పార పైపుకు తగిలింది.

"మేడం, గిది జూడున్రి. ఇదొక్కటే మంచిగ పోయింది. గుంతల్లకు పోకుంట సుట్టు తిరిగింది. ఎవలో గాని, అకల్ ఉన్నోడు."

ఆ పైపు మ్యాన్‌హోల్‌కు బారెడు దూరం జరిగి, లోతుగా, పైన సిమెంటు కప్పుతో చుట్టూ తిరిగి ఎదురు వరసలోకి పోయింది. ఎక్కడా తుప్పు లేదు. జెబా దాని దిక్కు పట్టుకుని నడిచింది. రోసమ్మ గోడ దాటింది, కిరాణా కొట్టు దాటింది. పైపు పైకి తేలిన తమ ఇంటి గడప ముందు ఆగింది.

లాల్ లోపల పీట మీద కూర్చుని పాత నల్లాకు వాషరు మారుస్తున్నాడు. జాన్ బీ టీ వడగడుతోంది.

"నాయనా, మన పైపు గుంత సుట్టు ఎందుకు తిరిగింది?"

లాల్ తల ఎత్తలేదు. "ఎవలు తవ్విన్రు?"

"నేనే తవ్విపిచ్చిన. చెప్పు."

ఆయన వాషరు పక్కన పెట్టాడు. "నువ్వు పుట్టిన ఏడు నీకు పాలు సుత ఆగకుంటుండె. కక్కుడు, ఏరుగుడు. నీళ్లు మార్చున్రి అన్నడు డాక్టర్. నేనే బండ కొట్టి, తవ్వి, మనది బయటికెల్లి తిప్పిన. నువ్వు బతికినవు."

"మరి రోసమ్మ టీచర్‌ది? తక్కినోళ్లయి?"

"రోడ్డు తవ్వితే ఖర్చెక్కువైతది, ఇండ్లోళ్లే వద్దన్నరు బిడ్డా. గుంతల్లకెల్లి దాటియ్యి అన్నరు, దాటిచ్చిన. ఊరంత గిట్లనే జేసిన్రు. నేనొక్కన్నే పాపం మూట గట్టుకున్ననా?"

"అండ్లకెల్లి పెంట పోతదని వాళ్లకు తెల్వది. నీకు తెల్సు."

"తెల్సు" అన్నాడు లాల్. గొంతులో ఇప్పుడు కోపం ఉంది. "తెల్సి ఏం జేయాలె? గల్లీ మొత్తం నేనే తవ్వాల్నా? కారినప్పుడల్ల పోయి కట్టొస్తున్న. ఆ ట్యూబులు కోసిచ్చింది ఎవలు? నువ్వే గద. అప్పుడు రోత రాలేదా?"

జాన్ బీ ఇద్దరి మధ్యలోకి వచ్చి కూతురికి గ్లాసుతో నీళ్లు అందించింది. "ముందుగాల తాగు. ఎండల పడొచ్చినవు."

జెబా గ్లాసు పట్టుకుంది. తేటగా, ఏ వాసనా లేకుండా ఉన్నాయి నీళ్లు. ఊహ తెలిసినప్పటి నుంచి అలాంటి నీళ్లే తాగింది. గుక్క నోట్లో పోసుకుంది. గడప బయటికి వెళ్లి ఉమ్మేసి, గ్లాసు వంచేసి, రోసమ్మ ఇంటికి నడిచింది.

దాచకుండా చెప్పింది. ట్యూబు పేలికల సంగతి, ముడుల సంగతి, తమ పైపు సంగతి. లోపలి గదిలో క్యారల్ మూలుగు వినిపిస్తోంది.

"అయితే మీ ఇంట్లో ఎప్పుడూ మంచినీళ్లేనన్నమాట" అంది రోసమ్మ.

"అవును టీచర్."

"జాన్ బీతో ఎన్నిసార్లు అన్నానో. నీ చేతి టీ ఎందుకింత బాగుంటుందమ్మా, నేను అదే పొడి వేస్తాను కదా అని." ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "అప్పుడు మీ నాన్న అక్కడే కూర్చుని ఉండేవాడు."

జెబా తల వంచుకుంది. రోసమ్మ ఓదార్చలేదు.

"ఈసారి నల్లా వచ్చే పొద్దుటికి మా బిందెలు మీ గుమ్మం ముందుంటాయి. నావే కాదు, అందరివీ. వెళ్లి మీ నాన్నతో చెప్పు."

కొత్త ట్యూబుల ఫోటో తీయనని జెబా నరసరాజుతో చెప్పేసింది. ఆయన ఆవులించి, "సరే. నీ మార్కుల సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

నల్లా వచ్చే రోజు తెల్లారేసరికి లాల్ మిస్త్రీ గడప ముందు నుంచి రోడ్డు మలుపు దాకా బిందెలు, రంగు డబ్బాలు, కూలింగ్ వాటర్ క్యాన్లు. లాల్ లోపలే ఉండిపోయాడు.

"ఏం మిస్త్రీ, సల్లగున్నవా? నీ నల్లా నీళ్లు జెర మాకు సుత పొయ్యరాదూ" అన్నారు ఎవరో.

"మాకొద్దన్నా, మాకు ట్యూబుల నీళ్లే అలవాటు" అన్నారు ఇంకెవరో. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో చనువు లేదు.

చివరికి లాల్ బయటికొచ్చి, పైపు చేతపట్టి, వంగి ఒక్కొక్క బిందె నింపాడు. నింపిన బిందె వాసన చూసుకుని మరీ ఎత్తుకుపోయారు. రోసమ్మ తన వంతు వచ్చినప్పుడు బిందె కింద పెట్టి, ఆయన మొహంలోకి కాకుండా నీళ్లధార వంకే చూస్తూ నిలబడింది.

ఆ వరస వల్ల స్కూలు ఆటోలు ఆగిపోయాయి. నల్లా వచ్చిన ప్రతిసారీ ఆగాయి. పెద్దమనుషులెవరో ఫోన్లు చేశారు. తాగే నీళ్లలో పెంట కలుస్తోందంటే రాని పర్మిషన్, ఆటోలు ఆగుతున్నాయంటే వచ్చింది. రోడ్డు కోసే మిషన్ దిగిన రోజు నరసరాజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, తానే గుంత పక్కన నిలబడి ఫోటో దిగాడు.

లాల్ సుత్తె, పానా పట్టుకుని వచ్చాడు. కూలి వద్దు, నేనే తిప్పుతా అన్నాడు. గల్లీవాళ్లు ఒప్పుకోలేదు. వేరే మిస్త్రీని మాట్లాడుకున్నారు. ఇంతకాలం పేరు పెట్టి పిలిచినవాళ్ల నడుమ ఆయన పానా చేతపట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లి తన గడప మీద కూర్చున్నాడు. అక్కడి నుంచే చూశాడు, కూతురు టేపు పట్టి మ్యాన్‌హోల్‌కు ఎంత దూరంలో పైపు తిరగాలో గీత గీస్తుంటే. ఆమె తీసుకున్న దూరం ఆయన తమ పైపుకు తీసుకున్నంతే.

సోమయ్య కోసి తీసిన ఎర్ర పేలికల కుప్ప రోడ్డు మీద పడేసి, ఎక్కడ పారేయాలని అడిగాడు. జెబా గ్లవుజు చేత్తో వాటిని గోనెసంచిలో కుక్కింది. కొన్నిటి అంచులు వంకరగా ఉన్నాయి. అవి చిన్నపిల్ల చేతి కత్తెర కోతలు.

సాయంత్రం క్లాసుకు పోయే ముందు చేతులు కడుక్కుందామని ఆమె ఇంటి ముందు నల్లా దగ్గరికి వచ్చింది. లాల్ గడప మీంచి లేచి, చిన్నప్పుడు పోసినట్టే చెంబుతో నీళ్లు పోయబోయాడు. జెబా ఆయన చేతిలోంచి చెంబు తీసుకుంది. తానే పోసుకుని, సగం నిమ్మకాయతో మోచేతుల దాకా రుద్దుకుని కడుక్కుంది. చెంబు బోర్లించి బస్టాపు వైపు నడిచింది.