శాంపిల్ రావుగారి రేకులు

జూలూరుపాడు వెంకటరామారావుకు ఈ లోకంలో ఏ వస్తువు మీదా, ఏ పని మీదా నమ్మకం లేదు, ముందు ఇంకొకరింట్లో చేయించి చూస్తే తప్ప. దానికి ఆయన పెట్టుకున్న పేరు శాంపిల్. ఊరు ఆయనకు పెట్టుకున్న పేరు శాంపిల్ రావు.

మిక్సీ కొన్నాడంటే అది ముందు టైలర్ సుబ్బరత్నం ఇంట్లో తిరగాలి. తిరిగింది. ఏళ్ళు గడిచినా తిరుగుతూనే ఉంది. మోటారు వేడెక్కుతుందేమో ఇంకా చూస్తున్నానంటాడు తప్ప ఇంటికి తేడు. ఆయన భార్య బుల్లెమ్మ మాత్రం పచ్చడి రోట్లోనే నూరుతుంది. కంట్లో శుక్లం వచ్చినప్పుడు ఖమ్మం దవాఖానాకు హోటల్ జంపయ్యను వెంటబెట్టుకు వెళ్ళి, తన ఖర్చుతో ముందు జంపయ్య కంటికి ఆపరేషన్ చేయించాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే హోటల్లో కూర్చుని అతని చేత పేపరు చదివించుకునేవాడు. జంపయ్యకు విసుగొచ్చింది. "సారూ, వార్తలైనయి, టెండర్ నోటీసులు గూడ చదివిన. ఇగ మీరు గూడ చేపిచ్చుకోండ్రి" అన్నాడు.

అంతెందుకు, పెళ్ళి సంగతి చూడండి. బుల్లెమ్మను చూడడానికి వెళ్ళేముందే, ఆమె ఊళ్ళోనే, ఆమె వీధిలోనే ఓ పిల్లను తన పెదనాన్న కొడుకు వెంకటకృష్ణకు కుదిర్చి పెళ్ళి చేయించి, వాడు చిక్కుతాడా, ఒళ్ళు చేస్తాడా అని ఏడాది పాటు గమనించాడట. వెంకటకృష్ణ చొక్కాలన్నీ బిగుతయ్యాకే బుల్లెమ్మ మెడలో తాళి పడింది. ఈ సంగతి ఆమెకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఈసారి గొడవ ఇంటి కప్పు దగ్గర వచ్చింది. ఒకప్పుడు అది పెంకుటిల్లు. అడవిలోంచి వచ్చే కోతులు పెంకుల్ని అప్పడాల్లా విరుస్తున్నాయని రావుగారి తండ్రి వాటిని దించేసి సిమెంటు రేకులు వేయించాడు. కోతులకు అవి మరీ నచ్చాయి. పెంకుల మీద నడవాల్సి వచ్చేది, రేకుల మీద జారుడుబండ ఆడుకోవచ్చు. ఆడుకుని ఆడుకుని కప్పంతా పగుళ్ళు పట్టించాయి. ఓ గండుకోతి రేకుముక్కతో సహా దిగి సరిగ్గా ఇడ్లీ పాత్ర ముందు కూర్చుందనీ, బుల్లెమ్మ దానికి చట్నీ కూడా వేసిందనీ ఊళ్ళో చెప్పుకుంటారు. చట్నీ సంగతి అబద్ధం.

సత్తుపల్లిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే కూతురు నాగలతకు ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు, పుట్టింటికి రావాలి. ఆమె ఫోన్‌లో తేల్చి చెప్పింది. "అమ్మా, అవి ఆస్బెస్టాస్ రేకులు. పగిలిన చోట దుమ్ము రాలుతది. అది ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్ళీ బయటికి రాదు. ఆ కప్పు కింద నా బిడ్డను పడుకోబెట్టను. రేకులు దిగితేనే వస్తా. లేదంటే కాన్పు మా అత్తగారింట్లోనే."

బుల్లెమ్మ ఫోన్ పెట్టిన వెంటనే రేకుల మేస్త్రికి కబురు పంపింది. తొలి కాన్పు వియ్యపురాలి ఇంట్లోనా? నలుగురిలో తలవంపుల మాట అటుంచి, పుట్టే బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలని ఆమె ఎప్పటినుంచో చీరకొంగు దోపుకుని కూర్చుంది.

రేకుల మేస్త్రి రాజేష్ వచ్చి కప్పు కొలిచాడు. సుత్తితో పగలగొట్టి వాగులో పారేస్తే ఒక్క పూట పని అన్నాడు. స్పీకర్‌లో ఆ మాట విన్న నాగలత కేకలు ఫోన్ లేకపోయినా సత్తుపల్లి నుంచి వినిపించేవే. పగలగొడితే దుమ్మంతా లేచి ఊరి మీద పడుతుంది. రేకుల్ని బాగా తడపాలి, బోల్టులు కోసి విరక్కుండా దించాలి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి, ఇలాంటి చెత్తను పూడ్చేందుకు హైదరాబాద్ అవతల ఉన్న చోటికి లారీలో పంపాలి. రాజేష్ లెక్క వేసి, తానే ఒకసారి గుటక మింగి, లక్షా అరవై వేలన్నాడు. కొత్త కప్పు ఖర్చు వేరే.

"ఎక్కియ్యనీకి మా నాయనకు మూడు వేలిచ్చిన్రంట సారూ. దించనీకి గింతైతది" అన్నాడు.

రావుగారు కప్పు వంక, రాజేష్ వంక మార్చి మార్చి చూసి, బుల్లెమ్మ దేనికి భయపడుతోందో ఆ మాటే అన్నాడు.

"ముందు శాంపిల్ చూద్దాం."

ఆ శాంపిల్ ఊరి చివర తండాలో, అడవిని ఆనుకుని ఉన్న హాతీరాం ఇంటికి తగిలింది. అక్కడా అవే రేకులు, అవే కోతులు. రాజేష్ మనుషులంతా తండాకే పోయారు. ఇక్కడ బుల్లెమ్మ నెత్తిన రేకులు అలాగే ఉన్నాయి. రోజులు దొర్లిపోతున్నాయి. సత్తుపల్లిలో వియ్యపురాలు కాన్పు గదికి సున్నం కొట్టిస్తోందని తెలిసిన పూట బుల్లెమ్మ ఆటో ఎక్కింది.

తండాలో రావుగారు మూతికి మాస్కు, చేతిలో నీళ్ళ పైపుతో మిరపతోటకు మందు కొడుతున్నంత దీక్షగా రేకులు తడుపుతున్నాడు. హాతీరాం ఇల్లొక్కటే అయితే ఆమె ఓర్చుకునేది. వరసగా నాలుగిళ్ళ పని నడుస్తోంది.

"మన ఇంటి సంగతేందండీ?" అంది బుల్లెమ్మ.

"లారీ కిరాయి ట్రిప్పుకింతని బుల్లెమ్మా. మన రేకులు వేస్తే సగం కూడా నిండదు. ఖాళీ లారీకి డబ్బు కట్టమంటావా?"

"లారీ నింపడానికి నాలుగిళ్ళు విప్పిస్తారా? వీటికి కొత్త కప్పులెవరు వేస్తారు?"

"కప్పు వెయ్యకపోతే శాంపిల్ ఎట్లా తెలుస్తది?"

తన ఇంటికి స్లాబు పోయిస్తానని ఆయన దాచిన డబ్బు ఎటు పోయిందో బుల్లెమ్మకు అర్థమైంది. ఆ స్లాబంతా ఈ నాలుగిళ్ళ మీద రంగు పూసిన ఇనుప రేకులై పరుచుకోబోతోంది. తిట్లన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. అంతలో హాతీరాం భార్య జమ్లి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది. నాలుగు మాటలకోసారి దగ్గు ఆపుకుంటూ, రావుగారికి వినిపించకుండా చెప్పింది.

"సారును ఏమనకమ్మా. పాపం, పిరికి మనిషి. ముందు మీరు చేపిచ్చుకోకుంటే నాకు ధైర్యం రాదు, జర సాయం చెయ్యిన్రి అని ఇంటింటికి తిరిగిండు. ఉత్తగ ఇస్తా అంటే మా ముసలోడు గడప తొక్కనియ్యకపోవు. సాయమడిగినంక కాదంటమా?"

"మా ఇంట్ల ఏమన్న తేడా వస్తే సారుకు ముందుగాల చెప్తం. ఫికరు చెయ్యకున్రి" అని హాతీరాం గంభీరంగా హామీ ఇచ్చాడు.

బుల్లెమ్మ మొగుడి వంక చూసింది. ఆయన ఆమె వంక చూడకుండా, అప్పటికే తడిసి ముద్దయిన రేకును మళ్ళీ తడుపుతున్నాడు. సుబ్బరత్నం ఇంట్లో తిరుగుతున్న మిక్సీ, పేపరు చదివే జంపయ్య కన్ను ఒకటొకటిగా ఆమె కళ్ళముందు నిలబడ్డాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఎన్ని తిట్లు వృథా చేసిందో లెక్క లేదు. చెంబెడు నీళ్ళూ తాగేసింది.

"కానివ్వండి తొందరగా. మీ శాంపిల్ అయ్యేలోపు నా మనవడు కాలేజీలో చేరేట్టున్నాడు" అని మాత్రం అంది.

కానీ ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. శాంపిల్ నిజంగానే పనిచేసింది. నాలుగిళ్ళు విప్పేసరికి తండా మగవాళ్ళకు ఆ పని చేతికి పట్టుబడింది. తమ ఇళ్ళకు కొత్త కప్పులు పడ్డాయో లేదో, అందరూ మాస్కులు కట్టుకుని రాజేష్ వెంట రావుగారింటికి దిగారు. పైన కూర్చున్నవాళ్ళు బోల్టులు కోస్తుంటే, నిచ్చెన మీది వాళ్ళు ఒక్కొక్క రేకునూ నిద్రపోతున్న పసిపాపను అందించుకున్నట్టు చేతుల మీదుగా దించారు. ఊరంతా దూరంగా రోడ్డు మీద నిలబడి చూసింది. కోతులు కూడా ప్రహరీ మీద బారులు తీరి, ఆటస్థలం పోతోందన్న దిగులుతో కిచకిచ అనకుండా చూశాయి. ఒక్క రేకు విరగలేదు. సాయంత్రానికి లారీలో చెయ్యి పెట్టే సందు కూడా మిగల్లేదు. రావుగారు యుద్ధం గెలిచిన రాజులా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. కూలి ఇవ్వబోతే హాతీరాం చెయ్యి అడ్డం పెట్టి, సాయానికి వచ్చినోళ్ళం, కూలెట్ల తీసుకుంటం అన్నాడు. మిగిలిన ఆ కూలి డబ్బే బుల్లెమ్మ ఇంటి రంగురేకులకు సరిపోయింది.

నాగలత వచ్చింది. గడపలో నిలబడి పైకి చూసింది. స్టూలు మీద ఫోన్ లైటు పెట్టించి మూలమూలా వెతికింది. కిటికీల మీద వేలు రాసి దుమ్ముందేమో చూసుకుంది. ఆ తర్వాత బ్యాగు లోపల పెట్టి, "అమ్మా, ఆకలేస్తంది" అంది. బుల్లెమ్మ ముందు వియ్యపురాలికి ఫోన్ చేసి ఆ సంగతి వివరంగా చెప్పి, అప్పుడు వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు కూతురి కోసం సున్నుండలు కట్టింది. ఒక చిన్న డబ్బాలో సర్ది మొగుడి చేతికిచ్చి, తండాలో జమ్లికి ఇచ్చి రమ్మంది.

"ఇవెందుకు?" అన్నాడు రావుగారు.

"నెయ్యి ఎక్కువైందేమో. పిల్లకు పెట్టేముందు శాంపిల్ చూడాలిగా."

రావుగారు ఆమె మొహంలోకి ఒకసారి అనుమానంగా చూశాడు. తర్వాత డబ్బా మూత తీసి లోపలికి చూసి, పెదవి విరిచి వెనక్కి ఇచ్చేశాడు.

"పెద్ద డబ్బాలో సర్దు. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసి శాంపిల్ అంటే ఎంత ఉండాలో కూడా తెలియదా నీకు?"