ఉమ్ రబాబ్ గోడ పక్క వైఫై

ధన్నూన్‌కి ముక్కు మీద కోపం. మోసుల్‌లో నదికి ఎడమ గట్టున నెట్ బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, ఇంటివాళ్లను తిట్టి మరీ బాగుచేసేవాడు ఇతనొక్కడే. తిట్లు ఉచితం, పనికే డబ్బులు తీసుకుంటాడు అని కిట్టనివాళ్లు నవ్వుతారు. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు. ఆ మాట కిట్టనివాళ్లూ కాదనరు.

ఒకప్పుడు నీళ్ల పైపులు బిగించేవాడు. యుద్ధం ముగిసి జనం ఇళ్లకు తిరిగొచ్చాక, కుళాయి కంటే ముందు నెట్ కావాలన్నారు. అయినవాళ్లు ఎవరు బతికున్నారో, ఎక్కడున్నారో తెలియాలి కదా మరి! దాంతో ధన్నూన్ రెంచీ పక్కన పడేసి మిద్దెల మీద డిష్షులు బిగించడం నేర్చుకున్నాడు. నీళ్లయినా నెట్టయినా ఎక్కడో ఒకచోట కారుతుంది, ఆ చోటు పట్టుకోవడమే పని అంటాడు.

అతనికో పద్ధతి ఉంది. పాడైన వైఫై బాక్సు తీసి కొత్తది పెట్టినప్పుడు, పాత పేరే పెడతాడు, పాత పాస్‌వర్డే పెడతాడు. అలా పెడితే ఇంట్లో ఫోన్లన్నీ ఏమీ జరగనట్టు వాటంతటవే వచ్చి అతుక్కుంటాయి. పాస్‌వర్డు మార్చామా, ముసలమ్మ ఫోను, కోడలి ఫోను, టీవీ, అన్నీ మళ్లీ అతని నెత్తినే పడతాయి. ఒకసారి ఓ ఇంట్లో మార్చి చూశాడు. వారం రోజులు అన్నం తిననివ్వలేదు వాళ్లు.

ఆ రోజు పొద్దున్నే రబాబ్ ఫోన్ చేసింది. పోయినేడాది చనిపోయిన హాజీ ఇద్రీస్ కూతురు.

"అన్నా, పాస్‌వర్డు తీసుకోవడం లేదు. అక్షరం అక్షరం చూసి కొట్టాను. నా కళ్లు పోయాయో, దీనికి మతి పోయిందో తెలియడం లేదు."

"నిన్న ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదు."

"అబద్ధం."

"సరే, ల్యాప్‌టాప్ మార్చాను. నా పాతదానికి కెమెరా పాడైంది. మా మేనమామ కూతురిది తెచ్చుకున్నాను."

"అది మార్చడం కాదా తల్లీ? మరి దేన్ని మార్చడం అంటారు మీ ఇంట్లో?"

"తిట్టుకో, కానీ రా. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇంటర్వ్యూ ఉంది. వీడియోలో మాట్లాడాలి. అనువాదాల ఆఫీసులో ఉద్యోగం. ఇది పోతే మళ్లీ పిలవరు అన్నా."

ఆ చివరి మాట విని ధన్నూన్ సంచీ తగిలించుకున్నాడు.

ఇద్రీస్ ఇంటి ప్రహరీ గోడ నీడలో ఎప్పటిలాగే జనం. అట్టముక్కల మీద కొందరు, బోర్లించిన నూనె డబ్బాల మీద కొందరు. పేట జనరేటర్ నడిపే లుఖ్మాన్, టాక్సీ తోలే హసీబ్, ఆ చివర పిల్లల్ని ఒళ్లో వేసుకున్న ఆడవాళ్లు. అందరి తలలూ ఫోన్లలోనే.

"సలామ్ ధన్నూన్! ఇవాళ ఎవరి వంతు తిట్లు?" అన్నాడు లుఖ్మాన్.

"నీ జనరేటర్ వంతు. అది ఆవులించినప్పుడల్లా నా బాక్సులు చస్తున్నాయి."

లోపల రబాబ్ కాలు గాలిన పిల్లిలా తిరుగుతోంది. వాళ్లమ్మ, పేటంతా ఉమ్ రబాబ్ అని పిలిచే ఆవిడ, టీ తెచ్చి పెట్టింది. భర్త ఉన్నప్పుడు పెద్ద నోరు ఆవిడది. ఇప్పుడు అడిగితేనే మాట్లాడుతోంది.

ధన్నూన్ తనే పాస్‌వర్డు కొట్టాడు. తీసుకోలేదు. తన ఫోను చూసుకుంటే హాయిగా నెట్ వస్తోంది. ఉమ్ రబాబ్ ఫోనులోనూ వస్తోంది. అంటే పాస్‌వర్డు సరైనదే. ల్యాప్‌టాప్‌లో ఆ వైఫై పేరు చెరిపేసి మళ్లీ కలిపాడు. ఊహూఁ. కొన్ని కంప్యూటర్లకి కొత్త రకం భద్రత పడదు. అందుకని బాక్సులో దాన్ని పాత రకానికి మార్చాడు. ఊహూఁ. పోనీ వైరుతో కలుపుదామంటే ఆ పల్చటి ల్యాప్‌టాప్‌కి వైరు దూర్చే సందే లేదు. ఫోను సిగ్నల్ మీద నడుపుదామంటే ఆ సందులో దాని మీద మాటలు పోతాయే గానీ ఫోటో కూడా కదలదు.

"బాక్సే పాడయ్యుంటుంది," అని సంచీలోంచి ఇంకోటి తీశాడు. పద్ధతి ప్రకారం పాత పేరు, పాత పాస్‌వర్డు. మార్చేటప్పుడు గోడ అవతల ఏదో గొణుగుడు వినబడింది గానీ అతను పట్టించుకోలేదు. దీపాలు వెలిగాయి. ల్యాప్‌టాప్ మాత్రం మళ్లీ అదే మొండికేసింది.

ధన్నూన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. "నీ మొహం మండ!" అంటూ బాక్సు ప్లగ్గు పీకేశాడు.

గోడ అవతల నుంచి ఒక్కసారిగా "అయ్యో!" అని పెద్ద రాగం లేచింది.

"ఉమ్ రబాబ్! నెట్ పోయింది!" అని ఓ మగ గొంతు.

"మా మేనల్లుడి నిశ్చితార్థం చూస్తున్నానమ్మా! సరిగ్గా ఉంగరం దగ్గర ఆగిపోయింది!" అని ఓ ఆడ గొంతు.

ధన్నూన్ ప్లగ్గు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇలాంటి చిన్న బాక్సుకి ఇన్ని ఫోన్లే అని ఓ హద్దు ఉంటుంది. నిండాక బస్సు కండక్టర్‌లా చోటు లేదని చెప్పదు. పాస్‌వర్డు తప్పు కొట్టినట్టే మొహం పెడుతుంది. కొత్త బాక్సు పెట్టినా, పేరూ పాస్‌వర్డూ పాతవే కాబట్టి, ఆ గోడ కింది ఫోన్లన్నీ ల్యాప్‌టాప్ కంటే ముందే ఎక్కి కూర్చున్నాయి. తన పద్ధతే తన కొంప ముంచింది.

"పిన్నీ, ఈ పాస్‌వర్డు ఎవరెవరికి చెప్పారు?"

"అడిగినవాళ్లకి," అంది ఉమ్ రబాబ్.

"అడిగినవాళ్లంటే?"

"మీ బాబాయి పోయినప్పుడు పరామర్శకి వచ్చినవాళ్లు."

పరామర్శకి పేటంతా వచ్చింది. షామియానా కింద మూడు రోజులూ చేదు కాఫీతో పాటు పాస్‌వర్డు కూడా పోశారన్నమాట! ధన్నూన్‌కి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. "ఒక్క గంట పాస్‌వర్డు మారుస్తాను. ఇంటర్వ్యూ అవగానే పాతది పెట్టేస్తాను. చిటికెలో పని."

"వద్దు."

"అమ్మా!" అని అరిచింది రబాబ్.

"వద్దంటే వద్దు. చావింటికి వచ్చినవాళ్లకి ఇచ్చింది వెనక్కి లాక్కుంటామా?" అని ఉమ్ రబాబ్ ధన్నూన్ వైపు తిరిగింది. చాలా రోజులకి ఆవిడ గొంతు లేచింది. "షామియానా మూడో రోజే విప్పుకుపోయారు నాయనా. ఆ తర్వాత ఈ ఇల్లు నన్ను కరవడానికొచ్చింది. ఈ పిల్ల చూస్తే గదిలో చదువుకుంటూ ఉంటుంది. గోడ అవతల ఎవరో ఒకరు దగ్గుతారు, పోట్లాడుకుంటారు, మంచినీళ్లిమ్మని కేకేస్తారు. ఆ సందడితోనే నేను పొద్దుపుచ్చుతున్నాను. ఫోనులో పాస్‌వర్డు తప్పని వస్తే వాళ్ల మొహాన తలుపేసినట్టే. గంటయ్యాక పాస్‌వర్డు తిరిగి పెడతావు, సరే. వాళ్లని తిరిగి ఎవరు తెచ్చి పెడతారు?"

రబాబ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో మసీదు నుంచి అసర్ అజాన్ వినబడింది.

మిద్దె మీద వైరు చూసొస్తానని చెప్పి, ప్లగ్గు పెట్టేసి, మిద్దెకి బదులు సందులోకి వెళ్లాడు ధన్నూన్. ఉన్న సంగతి చెప్పి ఒక గంట ఆపమంటే సరిపోయేది. కానీ ఆ నోరు ఊరుకుంటేనా?

"లోపల ఆ పిల్లకి ఉద్యోగం ఇంటర్వ్యూ. మీరంతా ఎక్కి కూర్చుంటే దానికి కాలు పెట్టే చోటు లేదు. పరామర్శకొచ్చినవాళ్లు కాఫీ తాగి లేచిపోతారు. మీరు ఇన్నాళ్లైనా లేవలేదు. సిగ్గుండక్కర్లా?"

అందరి మొహాలూ మాడిపోయాయి. ఒకరినొకరు చూసుకోకుండా ఫోన్లలో వైఫై ఆపేశారు.

"మరి నీ జేబులోది?" అన్నాడు హసీబ్ మెల్లగా.

ధన్నూన్ తన ఫోను తీసి చూశాడు. పరామర్శ నాడు తనూ అడిగి కలుపుకున్నాడు. పొద్దుటినుంచీ రబాబ్ చోటు నొక్కేసినవాళ్లలో తనూ ఒకడు. దాంట్లోనూ వైఫై ఆపేశాడు.

"గంటసేపు జనరేటర్ కన్ను కూడా ఆర్పదు, నాదీ పూచీ," అని లుఖ్మాన్ లేచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచారు.

ల్యాప్‌టాప్ మొదటిసారికే నెట్ అందుకుంది. ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా సాగింది. వచ్చే నెల నుంచి పనిలోకి రమ్మని మర్నాడే కబురొచ్చింది.

అదే రోజు ఉమ్ రబాబ్ ఫోను కూడా వచ్చింది. "ఒకసారి రా," అని పెట్టేసింది.

గోడ దగ్గర నరమానవుడు లేడు. అట్టముక్కల్ని ఎవరో దొంతి పెట్టి, పైన రాయి పెట్టి పోయారు.

"వాళ్లతో ఏం చెప్పావు?" అని గుమ్మంలోనే అడిగింది ఉమ్ రబాబ్.

ధన్నూన్ దాచలేదు. అన్న మాటలు అన్నట్టే చెప్పాడు.

"నెట్ బాగుచేయమని పిలిస్తే నా గుమ్మం పాడుచేసి పోయావు," అంది ఆవిడ. తిట్టినా బాగుండేది. కేక కూడా వేయలేదు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

ధన్నూన్ తిన్నగా ఇంటికి పోయి ఇంకో బాక్సు తెచ్చాడు. రబాబ్‌కి వేరే పేరుతో ఒకటి, గోడ వైపు పాత పేరు, పాత పాస్‌వర్డుతో పెద్దది ఒకటి బిగించాడు. ఇప్పుడు పేటంతా ఎక్కినా రబాబ్‌కి చోటు ఉంటుంది. ఆ సంగతి చెప్పడానికి జనరేటర్ షెడ్డుకి పరుగెత్తాడు.

"బాక్సు సంగతి కాదన్నా," అన్నాడు లుఖ్మాన్, నూనె చేతులు తుడుచుకుంటూ. "ఆ పిల్ల నోటి దగ్గర కూడు అడ్డుకున్నామని తెలిశాక ఏ మొహం పెట్టుకుని కూర్చుంటాం?"

హసీబ్ అయితే టాక్సీ అద్దం సగమే దించాడు. "నువ్వన్నది నిజమే కదా ఉస్తాద్," అని పోనిచ్చాడు.

తప్పైపోయిందన్నాడు ధన్నూన్. బతిమాలాడు. బతిమాలడం ఎప్పుడూ అలవాటు లేని నోరు, అదీ తిట్టినట్టే వచ్చింది. ఎవరూ కదల్లేదు.

మూడో నాడు మధ్యాహ్నం ఉమ్ రబాబ్ కుర్చీ తెచ్చి గోడ పక్కన వేసుకుని కూర్చుంది. లుఖ్మాన్ తల వంచుకుని అవతలి పక్కగా పోతుంటే పిలిచింది.

"నాయనా, నా ఫోనులో నెట్ రావడం లేదు. కాస్త చూసిపెట్టు."

"ధన్నూన్‌ని పిలవండి పెద్దమ్మా."

"వాడితో నాకు మాటల్లేవు."

ఆ వయసు మనిషి అడిగితే కాదనడం ఎలా? లుఖ్మాన్ ఫోను తీసుకుని ఏదో నొక్కి, వచ్చిందన్నాడు. "నీ దాంట్లో కూడా వస్తోందా? చూడు, నాది మళ్లీ పోయింది," అంది ఆవిడ. లుఖ్మాన్ తన ఫోను తీసి వైఫై పెట్టక తప్పలేదు. నిలబడి ఎంతసేపని చూస్తాడు, నూనె డబ్బా లాక్కుని కూర్చున్నాడు. నిశ్చితార్థం ఉంగరం చూడలేకపోయిన ఆవిడ అటుగా వచ్చి, నీకేం తెలుసంటూ ఫోను లాక్కుంది. హసీబ్ సందు మొగలో టాక్సీ ఆపి, ఏమిటి గొడవంటూ దిగాడు.

ధన్నూన్ ఊరికే ఓసారి చూసిపోదామని వచ్చేసరికి ఒక్క ముసలమ్మ ఫోను మీద అరడజను తలలు వాలి ఉన్నాయి. పాస్‌వర్డు తప్పని ఒకరు, కాదు ఫోనే ముసలిదైపోయిందని ఒకరు కొట్టుకు చస్తున్నారు. అతన్ని చూసి లుఖ్మాన్ ఫోను అందించాడు. "నువ్వే చూడు. వస్తుంది, ఈవిడ చేతికివ్వగానే పోతుంది."

ధన్నూన్ చూశాడు. ఫోనుకి ఏ రోగమూ లేదు. పాస్‌వర్డు సరిగ్గానే ఉంది. ఎవరో వేలితో వైఫై ఆపేశారు, అంతే. తలెత్తాడు. ఉమ్ రబాబ్ అతన్నే చూస్తోంది. నోరు విప్పావో చంపేస్తానన్నట్టుంది ఆ చూపు.

ఇంకెవరైనా ఇలా చేస్తే ధన్నూన్ సందు దద్దరిల్లేలా తిట్టేవాడు. ఆ రోజు మాత్రం నుదురు రుద్దుకుని, ఫోను అటూ ఇటూ తిప్పి, దొంతి మీది రాయి తీసేసి, ఒక అట్టముక్క లాగి నేల మీద వేసుకున్నాడు.

"ఇది పెద్ద చిక్కే పిన్నీ," అన్నాడు కూర్చుంటూ. "ఇవాళ్టితో తేలేది కాదు. రేపు కూడా అందరూ వచ్చి చూడాల్సిందే."