సరోజ చిన్నమ్మ పన్ను కట్టించిన కేసు

మా సరోజ చిన్నమ్మకు ఎవరు ఎదురైనా తన బంగారు పన్ను చూపించాల్సిందే. అదీ ఆవిడ జబ్బు. విరిగిన కోరపన్నుకు జగిత్యాల డాక్టరు తొడుగు వేసిన నాటి నుంచి, కోరుట్లలో పెళ్లయినా దినమైనా ఆవిడ పెదవి పైకెత్తి, పన్ను మీద గోటితో టకటకా కొట్టి మొదలుపెట్టేది.

“ఇగో, గిది తొడుగు. ఇరిగిన పన్ను ఇంక ఇరగది. సకినాలు నమలచ్చు, మక్క గుడాలు నమలచ్చు. పీకుడు లేదు, ఏడ్సుడు లేదు. ఏదీ, నీ నోరు తెరువు!”

ఏడుస్తున్నవాళ్లు కూడా తెరిచేవారు. చిన్నాయన ప్రభాకర్ రావు తల పట్టుకునేవాడు.

“అన్నల భయానికి బుగ్గారంల ఇంటికి తాళమేసి ఈడికస్తిమి. అందరు బంగారం దాస్తుంటే నువ్వు నోట్లె వెట్టుకొని ఊరంత తిప్పుతున్నవు!”

“నోరు మూస్తే బీరువానే గదా!” అనేది చిన్నమ్మ. ఆ బీరువా మూసి ఉండగా మేమెవరమూ చూడలేదు.

ఒకరోజు పొద్దున బ్యాండు మేళం ఏసయ్యను పోలీసులు పట్టుకుపోయారు. మర్నాడు సిరిసిల్లలో పెళ్లి, అతని క్లారినెట్ లేకపోతే మేళమే లేదు. అతను చేసిన నేరమల్లా చాయ్ హోటల్లో “ఎట్లనన్న పన్ను కట్టించిన, ఇగ నాకు భయం లేదు” అనడం. పక్క బల్ల మీద కానిస్టేబుల్ ఉన్నాడు. ఆ రోజుల్లో పన్ను అనగానే పోలీసులకు అన్నలు, అంటే నక్సలైట్లు, వసూలు చేసే పన్నే గుర్తొచ్చేది.

“డబ్బులెవరిచ్చారు?” అన్నాడు ఎస్సై.

“చెప్పద్దన్నరు సార్.”

ఆ ఒక్క మాటతో కేసు గట్టిపడింది. సంగతి తెలిసి చిన్నమ్మ రిక్షా ఎక్కింది, పక్కన నేను.

“సారూ! గా పన్ను కట్టించింది నేనే.”

ఎస్సై కుర్చీలోంచి లేచాడు. “ఒప్పుకుంటున్నారా?”

“ఒప్పుకోకేంది? పై వరుస, నడిమి పన్ను. ఏసయ్యా, నోరు తెరువు!”

ఏసయ్య తెరిచాడు. ముందు పన్ను మీద కొత్త తెల్ల తొడుగు తళతళలాడింది.

“క్లారినెట్ పై పండ్ల మీదనే ఆనుతది సార్. పన్ను ఇరిగినంక గాలొచ్చింది గని పాట రాలే,” అన్నాడు.

“దాంట్లో దాచడానికేముందమ్మా?”

“చెప్తే దొరసాని దయ అంటరు. ఆయన వాయిస్తె ఆయన పాట అనాలె గని!”

“మరి మీ పన్ను ఊరంతా చూపిస్తారట?”

“నేను చూపిస్తనే గదా వాళ్లు తెరుస్తరు! లేనోళ్లు నొప్పని నోటితోని చెప్పరు సారూ.”

అప్పుడు వెలిగింది నాకు. చిన్నమ్మ నోరు తెరిపించిన లింగవ్వా పోచయ్యా కొన్నాళ్లకే జగిత్యాల బస్సెందుకు ఎక్కారో! ఇన్నేళ్లూ మేము ఎచ్చులనుకున్నాం. అక్కడే ఆవిడ కాళ్లకు మొక్కాలనిపించింది.

ఎస్సై పకపకా నవ్వబోయి, అబ్బా అని దవడ పట్టుకున్నాడు. చిన్నమ్మ కళ్లు మెరిశాయి.

“ఏదీ సారూ, నోరు తెరువుండ్రి!”

మర్నాడు సిరిసిల్లలో క్లారినెట్ మోగింది. ఆ నెలలోనే ఎస్సై జగిత్యాల వెళ్లొచ్చాడు. ఎవరడిగినా తొడుగు వేయించుకున్నాననేవాడు గాని, పన్ను కట్టించుకున్నానని మాత్రం చచ్చినా అనలేదు.