కోమలి టీచర్ నవల కుట్టనన్న సమీవుల్లా భాయ్

చిత్తూరు బజారు వీధిలో పుస్తకాలు బైండింగ్ చేసే సమీవుల్లా భాయ్‌కి కోపం ఎక్కువ. బతికున్న మనుషుల మీద కాదు. ఆటోవాడు కాలు తొక్కినా ‘పోనీలేప్పా’ అంటాడు. నవలల్లో ఉండే మనుషులు మాత్రం ఆయన చేతికి దొరికితే బతకరు.

ఆయన పక్క కొట్టు నాది. డీటీపీ, జిరాక్స్. పద్దెనిమిదేళ్లుగా మా మధ్య ఉన్నది ఒక ప్లైవుడ్ గోడ. అవతల ఏ కథానాయిక నోరు మూసుకున్నా భాయ్ దాన్ని గుద్దేవాడు, ఇవతల నా మిషన్ అదిరేది.

కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఆయన చదివేవాడు. ఒకసారి లాయరు గుమాస్తా ధర్మేంద్ర, వాళ్లావిడ వారపత్రికల్లోంచి కత్తిరించి దాచుకున్న సీరియల్ తెచ్చిచ్చాడు. వారం తర్వాత తీసుకుపోదామని వస్తే భాయ్ విరుచుకుపడ్డాడు.

“ఏమప్పా ధర్మేంద్రా, కన్నతల్లి ఎవురో తెలిసి గూడా ఆ పిల్ల నూటనలభై పేజీలు నోరు తెరవదే! ఏం పెట్టుకోనుండాది నోట్లో?”

“నాకేం తెలుసు భాయ్? నేను సదవలేదు.”

“ఎట్లాంటి పిల్లో సూడకుండానే ఇంట్లో పెట్టుకోనుండావా?”

ఆ రోజు నుంచి ధర్మేంద్ర లా పుస్తకాలు తప్ప మరొకటి తేలేదు. వాటి మీద భాయ్‌కి ఏ ఫిర్యాదూ లేదు. “సట్టంలో ఎవురూ ఏమీ దాసుకోరప్పా. నంబరేసి మరీ సెప్తారు” అనేవాడు.

ఆయన భార్య ఉమ్మే హబీబా మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడు ముందు నా కొట్లోకి తొంగి చూసేది.

“జోయల్ తమ్ముడా, ఈరోజు ఎవురు సచ్చినారు?”

“ఎవురూ సావలేదక్కా. కథలో ఎవురో ఒకామె తనకొచ్చిన ఉత్తరం సించేసిందంట.”

“అట్లయితే పెరుగన్నమన్నా తింటాడులే. సచ్చింటే అదీ తినడు.”

పోయిన ఏడాది తిరుపతి నుంచి కోమలి టీచర్ అని ఒకామె వచ్చింది. రిటైరై మూడేళ్లయింది. తను రాసిన నవల నా చేతిలో పెట్టి, టైపు చేసి అయిదు కాపీలు బైండు చేయించమంది. తిరుపతిలో డీటీపీ కొట్లు లేవా అని అడిగాను.

“ఉండాయి. ఆడ అందురూ తెలిసినోళ్లే” అంది.

కథ ఇది. వసుధ అనే టీచరుకు, అదే బడిలో పనిచేసే లెక్కల మాస్టరు మాధవ, పెళ్లి చేసుకుందామని ఉత్తరం రాస్తాడు. అది ఆమె అన్న చేతిలో పడుతుంది. అన్న దాన్ని దాచేసి చెల్లెలికి వేరే పెళ్లి చేస్తాడు. ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత, భర్తా పోయి, అన్నా పోయాక, అన్న పెట్టెలో ఆ ఉత్తరం వసుధకు దొరుకుతుంది. మాస్టరు కూడా భార్య పోయి ఒంటరిగా ఉన్నాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్తుంది. ఇద్దరూ రైల్వే స్టేషన్ బెంచీ మీద కూర్చుని టీ తాగుతారు. బీపీ మాత్రల గురించి మాట్లాడుకుంటారు. ఉత్తరం సంగతి ఎత్తకుండానే ఆమె రైలెక్కేస్తుంది. సమాప్తం.

టైపు చేసేటప్పుడు నాకు బాగానే ఉంది. కాగితాలు పక్క కొట్టుకు ఇచ్చిన మర్నాడు పదకొండింటికి గోడ దడదడలాడింది.

“టీ తాగి రైలెక్కి పూడిసిందే! టీ తాగనీకి అంత దూరం పోవల్లనా? ఆయమ్మ ఊర్లో టీ అంగడి లేదా?”

“కథ భాయ్ అది.”

“కథ గాబట్టే అడగతా ఉండా! నిజంగా అయితే మనుషులకు దైర్యం సాలదు. కాయితం మీద గూడా సాలదా? పద, తిరుపతికి పోదాం.”

“నేనెందుకు?”

“తెలీనోళ్ల ఇంటికి ఒక్కణ్ణే పోయి కొట్లాడితే మర్యాదగా ఉండదు.”

కొట్టు మూసుకుని వెళ్లాను. బస్సు పాకాల దాటేలోపు భాయ్ సగం బస్సుకు కథ చెప్పేశాడు. చంద్రగిరి వచ్చేసరికి జనం రెండు పార్టీలయ్యారు.

“ఆ అన్నగాడు నా బస్సెక్కనీ, నడిదోవలో దించేస్తా” అంది కండక్టరమ్మ.

“అరవై ఏండ్లకు పెండ్లేందప్పా, సిగ్గుసేటు!” అంది వెనక సీట్లో ఒక అవ్వ.

భాయ్ గిర్రున తిరిగాడు. “అరవై ఏండ్లకు కూడు తినడం లేదా అవ్వా?”

“తింటా ఉండా.”

“ఎవురితో?”

అవ్వ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కోమలి టీచర్ మాకు మజ్జిగ ఇచ్చింది. భాయ్ గ్లాసు ముట్టుకోలేదు.

“సివరి అద్యాయం మార్సండి టీచరమ్మా. ఇట్లే ఉంటే నేను కుట్టను.”

ఆమెకూ కోపం వచ్చింది. “కుట్టే పని మీది. కథ నాది. మీకెందుకు?”

“ఒకసారి అట్టేసి కుట్టేస్తే ఇంక ఇప్పేదానికి ఉండదు. అట్లా మాట్లాడకుండా ఎట్లా వస్తుందమ్మా మనిషి?”

“జీవితంలో అట్లే జరుగుతాది.”

“ఎవురి జీవితంలో?”

టీచర్ కొంగుతో టేబుల్ మీద లేని దుమ్ము తుడిచింది. తల ఎత్తకుండానే అంది. “వసుధ టీ అయినా తాగింది. నేను అంత దూరం గూడా పోలేదు.”

తర్వాత, మా ముందు ఆ మాట అన్నందుకో ఏమో, లేచి నిలబడి వాకిలి చూపించింది. “నా కాయితాలు కుట్టి పంపండి. లేకుంటే కుట్టకుండానే పంపండి. పోయిరండి.”

భాయ్ చిత్తూరులో దిగాక నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

“బస్సు నిండా సెప్పినానే జోయలూ, ఆయమ్మ గుట్టు! నాకు బుద్దుండాదా?”

బతికున్న మనిషి మీద, అదీ తన మీదే, ఆయన కోప్పడగా నేను చూడడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నాకు మొదలైంది కష్టం. టీచర్ రోజూ ఫోన్ చేసేది, నన్ను తిట్టేది. భాయ్‌ని అడిగితే ఒకరోజు దారం లేదనేవాడు, ఒకరోజు జిగురు ఆరలేదనేవాడు. పైగా వారానికోసారి కొట్టు మూసి, మోకాలి నొప్పికి కట్టు కట్టించుకోవాలని పుత్తూరు వెళ్లేవాడు. ఎముకలు విరిగినవాళ్లంతా చేరే ఊరది. మూడు వారాలకు నా ఓపిక చచ్చిపోయింది. క్యారియర్ తెచ్చిన ఉమ్మే హబీబా మీద అరిచేశాను.

“ఎముక విరిగినోళ్లకు గూడా ఇన్ని కట్లు కట్టరక్కా! ఏమైంది ఆయన మోకాలికి?”

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఏమీ కాలేదు. కట్టు కట్టించుకునేదానికి జిల్లాలో అన్ని ఊర్లోళ్లూ ఆడికే వస్తారంట. వరసలో కూసోని అందుర్నీ అడగతా ఉండాడు, శ్రీనివాసులని లెక్కల అయివారు ఎవురన్నా తెలుసునా అని. ఊరికే కూసుంటే పొమ్మంటారని బాగుండే కాలికే కట్టేయించుకుంటాండాడు. తోలంతా బొబ్బలు!”

శ్రీనివాసులా? అప్పుడు గుర్తొచ్చింది. టీచర్ రాతప్రతిలో మాధవ అని ఉండాల్సిన చోట ఒక్కసారి శ్రీనివాసులు అని ఉంది. నేను తప్పనుకుని దిద్దేశాను. టైపు కాగితాలతో పాటు ఆ రాతప్రతినీ ఇచ్చాను కదా, భాయ్ అందులో ఆ పేరు చదివాడు.

నాలుగో వారం, వచ్చి తీసుకుపొమ్మని భాయ్ నాచేత ఫోన్ చేయిస్తే, టీచర్ కాగితాలు లాక్కుపోవడానికి తనే వచ్చింది. బైండింగ్ కొట్లో, భాయ్ పొద్దున్నే వెంటబెట్టుకొచ్చిన, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచాడు.

“నువ్వు రాసిన బుక్కు ఈడ కుట్టిస్తా ఉండావని మాత్రమే సెప్పినాడు ఈయన” అన్నాడు. ఆ వెంటనే గొంతు పెంచాడు. “ముప్పై ఎనిమిదేండ్లు కోమలీ! వద్దనైనా ఒక ముక్క రాయకూడదా?”

“నాకు అందితే గదా రాసేది!” టీచర్ అంతకన్నా గట్టిగా అరిచింది. “పోయినేడు అందింది నీ ఉత్తరం. పోయినేడు!”

భాయ్ నా చొక్కా పట్టుకుని రోడ్డు మీదికి లాగి, షట్టరు సగం దించేశాడు. లోపల ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. భాయ్ మొహం వెలిగిపోతోంది. ధర్మేంద్ర లా పుస్తకాలు పట్టుకుని వస్తే, “ఈరోజు కొట్టు లీవు. లోపల పనుండాది” అని తిప్పి పంపాడు. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. ఇంకాసేపటికి టీచర్ ఏడుపు వినిపించింది, ఆ తర్వాత ఆయన నవ్వు. క్యారియర్ వస్తే భాయ్ దాన్ని షట్టరు కింద నుంచి లోపలికి తోసేసి నన్ను బన్ను కొనిపెట్టమన్నాడు.

మార్చిలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. సాక్షులం భాయ్, ఉమ్మే హబీబా, నేను. రిజిస్టరులో వయసుల దగ్గర అరవై ఒకటి, అరవై మూడు అని రాసుకుంటూ ఆఫీసు గుమాస్తా కిసుక్కున నవ్వాడు.

సమీవుల్లా భాయ్ కుర్చీలోంచి లేచాడు. “ఏమప్పా, ఎందుకు నవ్వినావు? నువ్వు ఎప్పుటికీ ఇరవై ఐదులోనే ఉంటావా?”

ఆయన గుమాస్తా బల్ల ఎక్కకుండా పెళ్లికొడుకు ఒక చెయ్యి, పెళ్లికూతురు ఇంకో చెయ్యి పట్టుకున్నారు. దండల పూలు రాలిపోతున్నా వదల్లేదు. ఆ రోజు తీసిన ఒకే ఒక్క ఫోటోలో ముగ్గురూ అట్లాగే ఉన్నారు. వాళ్లిద్దరూ నవ్వుతూ, మధ్యలో ఆయన మండిపడుతూ.